తాతగారి ఫాక్స్‌ట్రాట్ ప్లేట్లు: గరగర ఎక్కువగా ముల్లుది, రికార్డుది కాదు

అడిగింది క్లుప్తంగా ఇది: గుంతకల్లులో రైల్వే గార్డుగా చేసిన తాతగారి ట్రంకు పెట్టెలో పాత ఇంగ్లిష్ గ్రామఫోన్ ప్లేట్లు బయటపడ్డాయి. లేబుళ్ల మీద ఫాక్స్‌ట్రాట్, వాల్ట్జ్, క్విక్‌స్టెప్ అని జంటగా ఆడే డాన్సుల పేర్లున్నాయి. ఆన్‌లైన్‌లో కొన్న సూట్‌కేసు ప్లేయర్ మీద పెడితే గరగర తప్ప ఏమీ వినపడటం లేదు. ఇవి పాడైపోయినట్టేనా? బాగుంటే ఎలా వినాలి, ఈ సంగీతంలో అసలు ఏం వినాలి? రెండు ప్లేట్లకు చీలిక వచ్చింది, వాటినేం చేయాలి?

పాడైపోలేదు. కనీసం మీరు రాసినదాన్ని బట్టి అలా తేల్చేయడానికి వీల్లేదు. మీ ప్లేయర్‌కి వచ్చిన ముల్లు ఎల్‌పి రికార్డుల కోసం, అంటే తర్వాతి కాలపు సన్న గాడి ప్లేట్ల కోసం చేసింది. దాని కొన సుమారు 18 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మీ ప్లేట్ల గాడికి కావలసింది 75 మైక్రాన్లకు అటూ ఇటూ, అంటే దాదాపు నాలుగింతలు లావు. సన్న ముల్లు గాడి గోడలకు ఆనకుండా అడుక్కి జారిపోతుంది. అక్కడున్నది ఎన్నో ఏళ్ల దుమ్ము, పాత ఉక్కు ముళ్లు అరిగి రాలిన పొడి. పాటేమో గోడల మీద ఉంది. మీరు ఇంతవరకు విన్నది ఆ అడుగునున్న చెత్తని మాత్రమే.

కాబట్టి డబ్బు ఖర్చు పెట్టాలనుకుంటే ముందు ముల్లు మీద పెట్టండి. స్పీకర్లు, కొత్త రికార్డులు, ఇత్తడి బాకా, అన్నీ తర్వాత. ఈ హాబీలో చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. అరుదైన రికార్డు కోసం వేలు పోస్తారు, ఎల్‌పి ముల్లుతో అరగదీస్తారు, చివరికి ‘పాత రికార్డులు ఇంతేనండీ’ అంటారు.

కొన్ని సూట్‌కేసు ప్లేయర్లకు 78 కోసం, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే మీలాంటి ప్లేట్ల కోసం, వేరే ముల్లు దొరుకుతుంది. తాత్కాలికంగా అది చాలు, ఎల్‌పి ముల్లు కన్నా వెయ్యి రెట్లు నయం. కానీ వినడం అలవాటైతే 78 వేగం ఉన్న సరైన టర్న్‌టేబుల్ కొనుక్కోండి. కొత్తవాటిలో ఆడియో టెక్నికా ఎల్‌పి-120 వంటివాటికి ఆ వేగం ఉంది. పాతవాటిలో గారార్డ్, లెంకో, థోరెన్స్ దొరికితే అదృష్టం. కార్ట్రిడ్జ్ (ముల్లు బిగించే చిన్న భాగం) విషయంలో ఆడియో టెక్నికా విఎం-95 రకానికి ‘ఎస్‌పి’ అనే 78 ముల్లు విడిగా వస్తుంది. ఒకే బాడీకి ఎల్‌పి ముల్లు, 78 ముల్లు మార్చి మార్చి పెట్టుకోవచ్చు. ఆర్టోఫాన్ వాళ్లకీ 2ఎం-78 ఉంది. బరువు ఎంత పెట్టాలో దాని కాగితంలో రాసి ఉంటుంది. ఒక్కో ముల్లుకి ఒక్కో లెక్క, కొన్నిటికి రెండు గ్రాముల లోపే, కొన్నిటికి ఇంకా ఎక్కువ. కాగితంలో ఉన్నదాని కన్నా తగ్గించి పెట్టి ‘జాగ్రత్తగా ఉన్నాను’ అనుకోకండి. తేలికైపోయిన ముల్లు గాడిలో ఎగిరెగిరి పడుతుంది, అదే గాడిని ఎక్కువ కొడుతుంది.

ఖర్చు లేని మెరుగుదల ఒకటుంది. యాంప్లిఫయర్‌కి మోనో బటన్ ఉంటే నొక్కండి. ఈ ప్లేట్లలో శబ్దం గాడి పక్కలకు ఊగడంలోనే ఉంటుంది, పైకీ కిందికీ కదలడంలో ఏమీ లేదు. స్టీరియో కార్ట్రిడ్జ్ రెండూ పట్టుకుంటుంది. ఎడమ, కుడి చానెళ్లు కలిపితే పైకీ కిందికీ కదలడం వల్ల పుట్టిన రొద రద్దయిపోతుంది. బటన్ నొక్కిన క్షణంలోనే తేడా తెలుస్తుంది.

ఇక వేగం. 78 అని పేరే గానీ అన్నీ 78 కాదు. 1925కు ముందు చేసినవి కొన్ని 72, 74 దగ్గర తిరగాలి. ఇంగ్లండ్ కొలంబియా వాళ్లు చాలాకాలం 80 దగ్గర రికార్డు చేశారు. 80 ప్లేటును 78 మీద తిప్పితే శ్రుతి దాదాపు అర స్వరంలో సగం దిగుతుంది. గొంతు బరువుగా, బ్యాండు అలసిపోయినట్టుగా వినిపిస్తుంది, ఎందుకో అర్థం కాదు. మనకి 50 సైకిళ్ల కరెంటు కదా, 77 గీతలున్న స్ట్రోబ్ చక్రం ప్లేటు మీద పెట్టి పాత రకం బల్బు వెలుగులో చూస్తే 78 దగ్గర గీతలు నిలబడిపోయినట్టు కనిపిస్తాయి. చాలా ఎల్‌ఈడీ బల్బుల కింద ఇది సరిగ్గా కుదరదు. చక్రం లేకపోతే ఫోన్‌లో ట్యూనర్ యాప్ చాలు. బాకాలున్న ఈ బ్యాండ్లు ఎక్కువగా బి-ఫ్లాట్, ఇ-ఫ్లాట్, ఎఫ్ శ్రుతుల్లో వాయిస్తాయి. పాట చివర అందరూ కలిసి నిలిపే స్వరం రెండు స్వరాల మధ్య వేలాడుతోందంటే వేగం తప్పిందన్నమాట.

మూడోది హెచ్చు స్వరాలు. ఈ రోజుల్లో ప్రతి ఫోనో యాంప్లిఫయర్‌లో ఉండేది 1950ల మధ్యలో అందరూ ఒప్పుకున్న ఆర్‌ఐఏఏ కొలత. ఎల్‌పి కోసేటప్పుడు పెంచిన హెచ్చు స్వరాలను అది 10 వేల సైకిళ్ల దగ్గర దాదాపు 14 డెసిబెళ్లు తగ్గిస్తుంది. 1930ల ప్లేట్లు అలా పెంచి కోసినవి కావు, కాబట్టి తగ్గిస్తే దుప్పటి కప్పినట్టు మొద్దుగా వినిపిస్తాయి. ట్రెబుల్ పెంచండి. గరగర కూడా పెరుగుతుంది, పెరగనివ్వండి. రెండో పాట సగానికి వచ్చేసరికి చెవి దాన్ని పక్కన పెట్టేస్తుంది. కంప్యూటర్‌లోకి ఎక్కించి రొద మొత్తం తీసేసేవాళ్లని చూస్తుంటాను. తాళాల మెరుపు, క్లారినెట్ ఊపిరి అన్నీ దాంతోపాటే పోతాయి. టిక్కు టిక్కుమనేవి తీసేయండి, అభ్యంతరం లేదు. సన్నటి హిస్ మాత్రం వదిలేయండి.

ఆ హిస్ ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే కోపం కూడా తగ్గుతుంది. మన లాడ్ బజార్ గాజుల్లో వాడే లక్కే ఈ ప్లేట్లలోనూ ఉంది. ఛోటానాగపూర్ అడవుల్లో చెట్ల కొమ్మల మీద పురుగులు కట్టిన లక్క శుద్ధయి అమెరికా, ఇంగ్లండ్ దాకా వెళ్లేది. రాంచీ దగ్గర నాంకుంలో లక్క పరిశోధనకు 1924లోనే ఒక సంస్థ పెట్టారంటే ఆ వ్యాపారం ఎంతటిదో చూడండి. అయితే ప్లేటులో లక్క పావు వంతుకు కాస్త అటూ ఇటూ. మిగిలినదంతా రాతి పొడి, మసి, కాస్త నూలు పీచు. రాతి పొడి కావాలనే కలిపారు. ఉక్కు ముల్లును మొదటి కొన్ని చుట్లలోనే గాడి ఆకారానికి అరగదీయడం దాని పని. ఆ గరుకే మనకు హిస్. కొలంబియా వాళ్లు 1920లలోనే ప్లేటును పొరలుగా చేశారు, లోపల మోటు సరుకు, పైన నునుపైన లక్క. మీ పెట్టెలో కొలంబియాలు ఉంటే అవే ముందు పెట్టి చూడండి.

కడగడం గురించి ఒకటే హెచ్చరిక: స్పిరిట్ తగలనివ్వకండి. శానిటైజర్, కొలోన్, ఎల్‌పిలు తుడిచే కొన్ని ద్రావకాలు, వేటిలో ఆల్కహాల్ ఉన్నా లక్క కరుగుతుంది. వడ్రంగులు పాలిష్ కోసం లక్కను స్పిరిట్‌లోనే కదా కరిగిస్తారు. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క గిన్నెలు కడిగే సబ్బు వేసి, మెత్తటి బ్రష్‌తో గాడి వెంట రుద్ది, శుభ్రమైన నీటితో కడిగి, వెంటనే మెత్తటి గుడ్డతో అద్దండి. లేబుల్ తడవకూడదు. నానబెట్టొద్దు, ఎండలో పెట్టొద్దు. చీలిక ఉన్నవాటిని తడపకుండా పొడిగానే తుడవండి. నల్లటి బురద కొంత దిగుతుంది, చూసి కంగారు పడకండి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

గుంతకల్లు, బిట్రగుంట, కాజీపేట, లాలాగూడ, వాల్తేరు వంటి రైల్వే ఊళ్లలో ఇలాంటి పెట్టెలు దొరకడం వింత కాదు. రైల్వే ఇన్‌స్టిట్యూట్లలో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు డాన్సులు పెట్టుకునేవి. స్వాతంత్ర్యం తర్వాత వాళ్లలో చాలామంది ఇంగ్లండ్, ఆస్ట్రేలియా వెళ్లిపోయారు. బరువైన ప్లేట్లను ఓడెక్కించడం కన్నా తోటి ఉద్యోగులకు ఇచ్చేయడమే సులువు. మీ తాతగారి పెట్టె కథ కూడా అదే అయి ఉండొచ్చు. అలాంటి పెట్టెలో ఏముంటుందంటే, ముప్పాతిక వంతు నాట్యానికి పనికొచ్చే బ్రిటిష్ డాన్స్ బ్యాండ్లు, కాసిని అమెరికన్ స్వింగ్, అదృష్టం ఉంటే రెండు మూడు అసలు సిసలు జాజ్.

వేరు చేయడానికి లేబుల్ చాలు. హెచ్‌ఎంవి మీద బిడి అనే అక్షరాలతో మొదలయ్యే నంబర్లు ఎక్కువగా డాన్స్ బ్యాండ్లు. అమెరికన్ స్వింగ్ బ్యాండు నాయకుడు గ్లెన్ మిల్లర్ కూడా అక్కడే తగులుతాడు. అమెరికా విక్టర్ కంపెనీ సరుకు మన దగ్గరికి కుక్క బొమ్మ మీదే వచ్చేది. కొలంబియా ఎఫ్‌బి అంటే సరదా పాటలు, డాన్సు. పార్లోఫోన్ ఆర్ వరుస కనిపిస్తే అది వేరే దొంతరలో పెట్టండి. అమెరికా ఓకే కంపెనీ చేసిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, బిక్స్ బైడర్‌బెక్, డ్యూక్ ఎలింగ్టన్ వంటి గొప్ప జాజ్ వాద్యకారుల రికార్డులు ఇంగ్లండ్‌లో ఆ వరుసలో వచ్చాయి. బయటివాళ్ల కళ్లకు అవి కూడా మామూలు ఫాక్స్‌ట్రాట్ ప్లేట్లే. లేబుల్ మీద అలాగే రాసి ఉంటుంది.

తర్వాత లేబుల్ చుట్టూ ఉన్న నున్నటి భాగం చూడండి, అద్దం పట్టుకుని. అక్కడ చెక్కిన నంబరు రికార్డింగుది. హెచ్‌ఎంవిలో దాని పక్కన చిన్న త్రికోణం ఉంటే మైక్రోఫోన్‌తో చేసిన రికార్డు. విక్టర్‌లో అండాకారంలో వి, ఇ అక్షరాలుంటాయి. 1925కు ముందు రికార్డింగులో దాదాపుగా మైక్రోఫోన్ లేదు. వాద్యకారులందరూ ఒక పెద్ద బాకా ముందు గుమికూడి వాయించేవారు. పెద్ద డ్రమ్ము కొడితే మైనం మీద గాడి చెక్కే సూది ఎగిరిపోయేది, అందుకని డ్రమ్మరు ఎక్కువగా చెక్క ముక్కలతో సరిపెట్టుకునేవాడు. బాస్ తంతి బదులు ట్యూబా. గాయకులు అరిచి పాడాలి. 1925లో కరెంటు రికార్డింగ్ రాగానే ఈ మొత్తం మారిపోయింది. చెవిలో చెప్పినట్టు మెల్లగా పాడే బింగ్ క్రాస్‌బీ లాంటివాళ్లు మైక్రోఫోన్ లేకుండా పుట్టేవారే కాదు.

1917 ఫిబ్రవరి 26న న్యూయార్క్‌లో ఒరిజినల్ డిక్సీలాండ్ జాస్ బ్యాండ్ అనే తెల్లవాళ్ల బృందం విక్టర్‌కు చేసిన ప్లేటునే మొదటి జాజ్ రికార్డు అంటారు. చరిత్రగా సరే. సంగీతంగా నాకు అది కోళ్ల గూట్లో గోలలా ఉంటుంది. 1923 ఏప్రిల్‌లో కింగ్ ఆలివర్ బృందం ఇండియానా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో జెనెట్ కంపెనీకి వాయించినవి వినండి, అసలు రుచి అక్కడ మొదలవుతుంది. ఆ స్టూడియో రైలు పట్టాల పక్కనే ఉండేది, రైలు వస్తే రికార్డింగు ఆపేసేవారట. మీ రైల్వే ఇంటికి ఈ ముక్క నచ్చుతుందని చెబుతున్నాను. ఆ బృందంలో రెండో కార్నెట్ (ట్రంపెట్ లాంటిదే, కాస్త పొట్టి బాకా) వాయించిన కుర్రాడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. అతని శబ్దం మిగతావాళ్లను మింగేస్తోందని బాకాకి దూరంగా నిలబెట్టారని అతని భార్య లిల్ హార్డిన్ తర్వాత చెప్పింది.

కానీ మీరు జాజ్‌తో మొదలుపెట్టకండి. పెట్టెలో ఉన్న డాన్స్ బ్యాండ్లతోనే మొదలుపెట్టండి. రే నోబుల్, ఆంబ్రోజ్, జాక్ హిల్టన్, రాయ్ ఫాక్స్, లూ స్టోన్, ఎవరో ఒకరు ఉండే ఉంటారు. జాజ్ అభిమానులు వీళ్లని చప్పగా ఉంటారని తీసిపారేస్తారు. ఆ మాట నేను ఒప్పుకోను. ఇది కూర్చుని వినడానికి చేసిన సంగీతం కాదు, కాళ్లకు చేసింది. కాళ్లకు ఏం కావాలో చెవికి తెలిశాకే జాజ్ వాద్యకారుడు దాన్ని ఎక్కడ వంచుతున్నాడో పట్టుబడుతుంది.

ఒక ఫాక్స్‌ట్రాట్ పెట్టి లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఇది ఒక బారు. ఇలాంటివి 8 కలిస్తే ఒక ముక్క. నాలుగు ముక్కలు కలిస్తే 32 బార్లు, దీన్నే కోరస్ అంటారు. చాలా పాటల్లో మొదటి, రెండో, నాలుగో ముక్కలకు ఒకే బాణీ, మూడో ముక్క ఒక్కటే వేరే దారి పట్టి తిరిగొస్తుంది. నిమిషానికి 160 దెబ్బల నడకలో ఒక కోరస్‌కి 48 సెకన్లు పడుతుంది. పది అంగుళాల ప్లేటు మీద పట్టేది మూడు నిమిషాలు, కాస్త పైన. అంటే మూడు కోరస్‌లు, ముందో మధ్యలోనో ఒక చిన్న ముక్క. మొదటి కోరస్ బ్యాండు మొత్తం వాయిస్తుంది, రెండోదాంట్లో గాయకుడు, మూడోదాంట్లో ఒకళ్లిద్దరు సొంతంగా ఏదో చేస్తారు, చివర అందరూ కలుస్తారు. ఈ నమూనా ఒకసారి పట్టుబడితే ప్రతి ప్లేటూ దాన్ని ఎక్కడ తప్పిందో వినడమే సరదా. మన నాటక పద్యాలు, కీర్తనలు పాడినవాళ్లు కూడా అదే మూడు నిమిషాల్లో ఇరికించి పాడినవాళ్లే. రాగం ఎంత కుదించాలో వాళ్లకీ లెక్క ఉండేది.

చప్పట్లు ఎక్కడ కొట్టాలన్నది మన చెవికి కొంచెం కష్టం. భజనలో మనకి ఒకటి, మూడు మీద చెయ్యి పడుతుంది. ఇక్కడ రెండు, నాలుగు మీద పడాలి. బాంజో గానీ గిటారు గానీ ఎక్కడ చురుగ్గా తగులుతోందో వినండి. మొదట్లో ఒత్తి మరీ కొట్టండి, ఓ వారంలో అదే వస్తుంది. దీనికి విక్టర్ సిల్వెస్టర్ ప్లేట్లు పనికొస్తాయి, అవి మీ పెట్టెలో తప్పకుండా ఉంటాయనే నా అనుమానం. ఆయన 1922లో ప్రపంచ బాల్‌రూమ్ పోటీ గెలిచిన నర్తకుడు, తర్వాత డాన్సు నేర్పేవాళ్ల కోసం నడక వెంట్రుకవాసి మారని రికార్డులు చేశాడు. పాట ఉండదు, సోలో ఉండదు. వరసగా నాలుగు వింటే విసుగు. కానీ క్విక్‌స్టెప్‌కూ స్లో ఫాక్స్‌ట్రాట్‌కూ తేడా నేర్పడంలో ఆయన్ని మించినవాడు లేడు.

గాయకుడి పేరు లేబుల్ మీద వెతక్కండి. చాలావాటి మీద ‘గాత్రంతో’ అన్న అర్థం వచ్చే ఒక్క ముక్కే ఉంటుంది. రే నోబుల్ ఆధ్వర్యంలో న్యూ మేఫెయిర్ ఆర్కెస్ట్రా పేరుతో హెచ్‌ఎంవిలో వచ్చినవాటిలో వినిపించే ఆ మెత్తటి గొంతు చాలాసార్లు ఆల్ బౌలీది. మొజాంబిక్‌లో పుట్టి దక్షిణాఫ్రికాలో పెరిగిన ఈయన బ్యాండ్లతో తిరుగుతూ మన కలకత్తాలో కూడా పాడి, ఆ తర్వాత లండన్ చేరాడు. 1941 ఏప్రిల్‌లో జర్మన్ బాంబు దాడిలో పోయాడు. ఒక గొంతు పరిచయం అయ్యాక పేరు లేని ప్లేట్లలో దాన్ని పట్టుకోవడం, చెప్పొద్దూ, ఈ హాబీలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని.

దాని తర్వాతి ఇష్టం డాన్స్ రికార్డుల్లో దాగిన సోలోలు. పాల్ వైట్‌మన్ బ్యాండు పెద్దది, బరువైనది, వయొలిన్లతో సాగుతూ ఉంటుంది. 1927 చివర్లో అందులో చేరిన బిక్స్ బైడర్‌బెక్‌కి ఒక్కో రికార్డులో 8 బార్లో 16 బార్లో ఇచ్చేవారు. అంతవరకు ఉప్మాలా సాగిన పాటలో జీడిపప్పు తగిలినట్టు ఆ కార్నెట్ తగులుతుంది. 28 ఏళ్లకే పోయాడు, 1931లో. వైట్‌మన్ దగ్గర చేరక ముందు, 1927 ఫిబ్రవరిలో ఫ్రాంకీ ట్రంబవర్‌తో చేసిన ‘సింగిన్ ద బ్లూస్’లో మాత్రం అతనికి పూర్తి చోటు దొరికింది. నాలుగేళ్ల తర్వాత ఫ్లెచర్ హెండర్సన్ బ్యాండు ఆ పాటను రికార్డు చేసినప్పుడు రెక్స్ స్టూవర్ట్ బిక్స్ సోలోను స్వరం స్వరం అలాగే వాయించాడు. ఒక నల్లజాతి బ్యాండులోని గొప్ప వాద్యకారుడు తెల్ల కుర్రాడి సోలోకి ఇచ్చిన గౌరవం అది. రెండూ పక్కపక్కన పెట్టి వినండి.

ఆర్మ్‌స్ట్రాంగ్ 1928 జూన్ 28న షికాగోలో చేసిన ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ దగ్గరికి అప్పుడు వెళ్లండి. మొదటి పన్నెండు పదిహేను సెకన్లు ట్రంపెట్ ఒక్కటే, తాళం లేదు, తోడు లేదు. మన విద్వాంసుడు పల్లవికి ముందు రాగం ఎత్తుకున్నట్టే ఉంటుంది గానీ చెప్పదలచినదంతా అక్కడే చెప్పేస్తాడు. చివర్లో ఒకే స్వరాన్ని నాలుగు బార్ల పాటు పట్టుకుంటాడు. ఎర్ల్ హైన్స్ పియానో మధ్యలో వస్తుంది. ఈ ప్లేటు డాన్సు కోసమే అమ్మారు. దీనికి ఎవరైనా ఆడి ఉంటారా అని నాకు ఎప్పుడూ సందేహమే.

శాక్సఫోన్ వాద్యకారుడు కోల్‌మన్ హాకిన్స్ 1939 అక్టోబర్ 11న చేసిన ‘బాడీ అండ్ సోల్’ ఇంకో మెట్టు. అసలు బాణీని మొదట్లో కాస్త చూపించి వదిలేస్తాడు, తర్వాత మూడు నిమిషాలూ దాని కింద తోడుగా మోగే కార్డ్‌ల (స్వరాల గుత్తుల) మీదే సొంత కథ అల్లుతాడు. విచిత్రం ఏమిటంటే ఇది జనం ఎగబడి కొన్న రికార్డు. ఎలింగ్టన్ గురించి మొదలుపెడితే ఆగలేను. 1940లో విక్టర్‌కు చేసినవి ఏవి దొరికినా తీసుకోండి. జిమ్మీ బ్లాంటన్ బాస్ ఎంత స్పష్టంగా వినిపిస్తుందంటే లక్క మీద ఇంత లోతు ఎలా పట్టిందా అనిపిస్తుంది. ముల్లు, వేగం సరిగా కుదిరాయో లేదో చూసుకోవడానికి నేను వాడేది ఆ రోజుల బాసే. కౌంట్ బేసీ బ్యాండు 1937లో చేసినవాటిలో ఫ్రెడ్డీ గ్రీన్ గిటారు విడిగా వినపడదు, కానీ ఆ ఏడు మార్చికి ముందు, అంటే అతను చేరక ముందు చేసినవాటి పక్కన పెడితే నడక మారిందని కాలికి తెలుస్తుంది.

మన దేశపు ప్లేట్లు కూడా ఉన్నాయండీ, వాటిని కూడా గమనించండి. షికాగోలో ఆర్మ్‌స్ట్రాంగ్‌తో కలిసి పనిచేసిన పియానిస్టు టెడ్డీ వెదర్‌ఫర్డ్ బొంబాయి తాజ్ హోటల్లో, తర్వాత కలకత్తా గ్రాండ్ హోటల్లో వాయించాడు. యుద్ధకాలంలో కలకత్తాలో కొలంబియాకు చాలా రికార్డులు చేశాడు. 1945 ఏప్రిల్‌లో కలరాతో అక్కడే పోయాడు. ట్రంపెట్ వాయించే క్రికెట్ స్మిత్ బృందం 1936లో బొంబాయిలో రెక్స్ లేబుల్‌కి చేసిన ప్లేట్లున్నాయి. ఈ హోటళ్లలో వాయించిన గోవా వాద్యకారుల్లో చిక్ చాకొలెట్ తర్వాత సంగీత దర్శకుడు సి. రామచంద్రతో హిందీ సినిమాల్లో పనిచేశాడు. ఆ నాటి హిందీ పాటల్లో ట్రంపెట్ ఎక్కడి నుంచి దూకిందో వెతికేవాళ్లకి జవాబు ఈ ప్లేట్లలో ఉంది. మీ పెట్టెలో వెదర్‌ఫర్డ్ పేరు కనిపిస్తే దయచేసి దాన్ని బరువైన ఉక్కు ముల్లున్న గ్రామఫోన్ మీద వేయకండి.

1942 నుంచి 1944 దాకా అమెరికన్ ప్లేట్లు తక్కువగా కనిపిస్తే ఆశ్చర్యపోకండి. యుద్ధం వల్ల మన లక్క అమెరికాకు చేరడం కష్టమైంది, అక్కడి ప్రభుత్వం కంపెనీలకు రేషన్ పెట్టింది, కొత్తవి చేయడానికి జనం దగ్గర పాత ప్లేట్లు తిరిగి కొన్నారు. సరిగ్గా అప్పుడే, 1942 ఆగస్టులో, వాద్యకారుల సంఘం రికార్డింగులు ఆపేసింది. మన దగ్గరేమో 78లు 1960ల్లో కూడా నడిచాయి. బీటిల్స్ పాటలు కూడా 78 మీద అచ్చేసిన దేశం మనది.

గ్రామఫోన్ కొనాలా అని మీరు అడగలేదు గానీ, అడుగుతారు. బాకా ఉన్నది కొనకండి. బజార్లో కొత్తగా మెరిసే ఇత్తడి బాకా, కుక్క బొమ్మ బిళ్ల ఉన్నవాటిలో చాలామటుకు ఈ మధ్య అతికించి చేసినవి. వాటి సౌండ్ బాక్స్, అంటే ముల్లు బిగించే గుండ్రటి తల, ప్లేటును చెక్కేస్తుంది. హెచ్‌ఎంవి 102 అనే పెట్టె రకం మంచిది, చేత్తో పట్టుకెళ్లొచ్చు, విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. కొన్నాక సౌండ్ బాక్సులో గట్టిపడిన రబ్బరు మార్పించండి. ఉక్కు ముల్లు ఒక్క వైపుకి ఒకటి, అంతే. మూడు నిమిషాల్లో దాని కొన ఉలిలా అరుగుతుంది. దానితోనే రెండో వైపు వేస్తే గాడి పోతుంది. చేయి బరువు వంద గ్రాముల పైమాటే. అందుకని నా పద్ధతి ఇది: ఎక్కడైనా దొరికే డాన్స్ ప్లేట్లు, గాడి బూడిద రంగుకి తిరిగినవి గ్రామఫోన్ మీద, మిగతావన్నీ తేలికపాటి కార్ట్రిడ్జ్ కింద. 1950ల తర్వాతివి, వంగే లక్షణం ఉన్న ప్లాస్టిక్ ప్లేట్లు అసలు ఉక్కు ముల్లు కింద పెట్టొద్దు.

కొత్తవి కొనేటప్పుడు ఫోన్ టార్చి వెలుగు పక్క నుంచి పడేలా పట్టుకుని చూడండి. నల్లగా మెరుస్తుంటే మంచిది. లేబుల్ దగ్గరి గాళ్లు, బాకాలు గట్టిగా మోగే చోట్లు తెల్లబారి ఉంటే అరిగినట్టు. గీతలు కనబడితే వెనక్కి తగ్గకండి. అవి టిక్కుమంటాయి అంతే, అరుగుదల మాత్రం తీసేయలేరు. హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌లో, బొంబాయి చోర్ బజార్‌లో ఇప్పటికీ తగులుతుంటాయి. రిపేరు చేసిన ప్లేటుకి ‘యాంటిక్’ ధర చెబితే నవ్వేసి నడవండి. కొనే ముందు పాట వినాలంటే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లక్షల కొద్దీ 78 వైపులున్నాయి. రికార్డింగు నంబరుతో తేదీ, వాద్యకారుల పేర్లు వెతకాలంటే శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నడిపే డిస్కోగ్రఫీ (రికార్డుల జాబితా) ఉంది, ఉచితం. మీ పెట్టె అమ్మితే ఎంత వస్తుందన్నది మాత్రం ఆశ పెట్టుకోకండి. డాన్స్ బ్యాండ్లకు మన దగ్గర పెద్ద ధర లేదు. వినేవాళ్లకది శుభవార్తే.

ట్రంకు పెట్టెలో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంచకండి. పుస్తకాల్లా నిలబెట్టండి, వాలకుండా బిగువుగా. కొత్త కాగితం కవర్లు వేయండి, పాత కవర్ల మీద దుకాణం ముద్రలుంటే విడిగా దాచండి. మీ రాయలసీమ ఎండకి ప్లేటు వంగిపోతుంది, కాబట్టి కారులో, మేడ మీది గదిలో వద్దు. అడుగు అర కట్టుదిట్టంగా ఉండాలి, నిండిన వరస మోయడానికి మామూలు పుస్తకాల అర చాలదు.

చీలిన రెండింటి సంగతి. చీలిక అంచు నుంచి లోపలికి వెంట్రుకలా ఉండి, రెండు పక్కలూ ఒకే ఎత్తులో ఉంటే తేలికపాటి ముల్లుతో వేయొచ్చు. టిక్, టిక్ అని వస్తుంది. ముందు చుట్టు నెమ్మదిగా చేత్తో తిప్పి చూడండి, ఎక్కడైనా ముల్లు తట్టుకుంటే ఆపేయండి. గ్రామఫోన్ బరువు కింద మాత్రం అది రెండు ముక్కలవుతుంది. ఫెవిక్విక్ జోలికి వెళ్లకండి, గాడిలోకి పాకిందంటే మళ్లీ తీయలేరు. వాటి రెండు వైపులా రికార్డింగు నంబర్లు ఇక్కడ రాయండి. మామూలు పాటలైతే ఇంకో ప్రతి వెతుక్కోవడమే సులువు, అరుదైనవైతే కంప్యూటర్‌లోకి ఎక్కించి దాచే పద్ధతి చెబుతాను.